పానా మీద ఒట్టు

నాకు నోరెక్కువ. ఈ సంగతి పులివెందులలో మా వీధి ఆడవాళ్ళను అడిగినా చెబుతారు, తొండూరు బడిలో నా దగ్గర చదివిన పిల్లలను అడిగినా చెబుతారు. మనసులో మాట మనసులోనే పెట్టుకుంటే నాకు తిన్న అన్నం అరగదు. అట్లాంటిదాన్ని, బతుకంతా కలిపి ఒకే ఒక్క మాట దాచాను. అదీ కట్టుకున్న మనిషి దగ్గర దాచాను. ఆ మాట ఒక కారు క్లచ్ కేబుల్ గురించి అంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, పరవాలేదు.

మా ఆయన రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. ఆయనకు ఉన్న సరదా అంతా ఒక పాత చిన్న కారు. ఎప్పుడో తయారీ ఆగిపోయిన బండి. పొద్దున నన్ను తొండూరు బడిలో దింపేవాడు, సాయంత్రం మళ్ళీ వచ్చి గేటు ముందు హారన్ కొట్టేవాడు. ఆదివారం బుద్ధి పుడితే గండికోట దాకా పోయేవాళ్ళం. లోయ అంచున రాళ్ళ మీద కూర్చుని నేను తెచ్చిన పులిహోర తినేవాళ్ళం. పెన్నలో నీళ్ళున్నాయా లేవా అని అక్కడ కూడా కొట్లాడేవాళ్ళం.

ఒకరోజు జమ్మలమడుగు పోతుంటే గేర్‌బాక్సు పోయింది. లోపల పళ్ళు విరిగాయన్నాడు మేస్త్రీ. అతని షెడ్డు జమ్మలమడుగులోనే. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అతనొక్కడే పానా పట్టాడు. మా బండిని మొదటినుంచీ చూసిన మనిషి. కొత్త గేర్‌బాక్సు దొరకదు, ప్రొద్దుటూరు పాత ఇనుము కొట్లలో వెతకాల, బండి ఈడ పెట్టిపోండి సార్ అన్నాడు. పెట్టి వచ్చాం. ఆ వారంలోనే మా ఆయనకు ఎడమపక్క పడిపోయింది.

ప్రొద్దుటూరులో పెద్ద డాక్టరు దగ్గర ఉంచి, ప్రాణం దక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మాట తొందరగానే తిరిగొచ్చింది. చెయ్యి ముప్పాతిక వచ్చింది. కాలు మాత్రం మొండికేసింది. కాలికి వ్యాయామం చేయించే కుర్రాడు వారానికి రెండుసార్లు వచ్చి చెప్పిపోతే, తక్కినదంతా ఈయనే కనిపెట్టాడు. మంచంకోడుకు పాత సైకిల్ ట్యూబు కట్టి, దానికి ఒక చెక్కముక్క తగిలించి, కుర్చీలో కూర్చుని ఎడమ కాలితో దాన్ని తొక్కేవాడు. పొద్దునే నేను వంటింట్లో ఉంటే లెక్క వినిపించేది. ముప్పై, నలభై, యాభై.

"ఏమే, ఇది ఏందో తెలుసా? క్లచ్" అన్నాడొకరోజు, నుదుటిమీద చెమట తుడుచుకుంటూ. "నడవడమేముందే, కట్టె పట్టుకుని ఎవురైనా నడుస్తారు. క్లచ్ తొక్కితేనే కాలు నాది."

ఆయనకు కావాల్సింది అదొక్కటే. ఇంకేమీ లేదు. ఆ మాట కోసమే ఎనిమిది నెలలు లేచాడు, పడ్డాడు, గోడ పట్టుకుని తిరిగాడు. ఆఖరికి కర్ర సాయంతో వీధి చివరిదాకా పోయి రాగలిగాడు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాకూ సంతోషమే. అయితే ఆ సంతోషం కింద భయం కూడా పెరుగుతూ వచ్చింది. నడిచే మనిషి రేపు బండి ఎక్కుతాడు. ముద్దనూరు రోడ్డులో యాడ చూసినా సిమెంటు లారీలే. ఆ నడిమధ్యలో కాలు ఆగిపోతే?

ఒకసారి నోరు తెరిచి అనేశాను. "బండి ఎందుకు ఇంక, అమ్మేద్దాం" అన్నాను. ఆయన కోప్పడలేదు. ముఖం మాత్రం వాడిపోయింది. నవ్వు తెచ్చుకుని, "పొయ్యే మనిషికి అడ్డం పలకద్దని మీ నాయిన చెప్పింది మర్చిపోతివా?" అన్నాడు.

మా నాయన వేములలో పురోహితుడు. ఆయన ఇంట్లో పెరిగినవాళ్ళకు ఒక నియమం ఉండేది. బయల్దేరిన మనిషిని యాడికి అని అడగకూడదు. అడగాల్సి వస్తే "దూరమా?" అనాలి. వద్దు అని అసలే అనకూడదు. అంటే ఆ మాట పోయి ఆ మనిషి కాళ్ళకు చుట్టుకుంటుందని మా నాయన గట్టి నమ్మకం. చిన్నప్పుడు ఆ మాట అన్నందుకే నా వీపు మీద రెండు పడ్డాయి. చదువుకున్నాను, పాఠాలు చెప్పాను, మూఢనమ్మకాల మీద పిల్లల చేత వ్యాసాలు రాయించాను. ఏం లాభం? నా వరకు వచ్చేసరికి ఆ మాట గొంతు దాటి రాలేదు. మంచంలోనుంచి లేచి బయల్దేరిన మనిషి ఆయన. వద్దు అన్నానంటే మళ్ళీ ఏమైనా అవుతుందేమోనని వణుకు. నోటితో చెప్పలేకపోయాను కాబట్టి ఇంకో దారి వెతుక్కున్నాను. నేను చేసిన పాపం ఇదే.

గేర్‌బాక్సు దొరికిందని మేస్త్రీ ఫోన్ చేశాడు. ప్రొద్దుటూరులో తుక్కు కింద విప్పేసిన బండిలోదట. ఈయన చిన్నపిల్లాడైపోయాడు. పంచాంగం తీసి గురువారం, దశమి అని రోజు పెట్టాడు. రోజుకు రెండుసార్లు మేస్త్రీకి ఫోన్లు. "క్లచ్ మెత్తగా ఉండాలప్పా. పెడల్‌కు రెండు వేళ్ళంత లూజు పెట్టు, అంతకు మించద్దు" అని పాఠాలు.

ఆ ముందు శనివారం బడి అయిపోగానే నేను ఇంటికి రాకుండా తొండూరులో ఎదురు బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. ఈయనకు మీటింగు ఉందని అబద్ధం చెప్పాను. షెడ్డులో మేస్త్రీ మా బండి బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు. కొత్తగా బిగించిన గేర్‌బాక్సు పాత బండిలో వేరే రంగులో కనబడుతోంది.

"రాండి టీచరమ్మా, సమయానికి వచ్చినారు. కేబుల్ వేస్తాండా" అన్నాడు. పాతది ఈ గేర్‌బాక్సుకు చాలలేదని, కొత్తది తెప్పించానని చూపించాడు. సైకిల్ బ్రేకు వైరు లాంటిదే, కాస్త లావు. ఒక కొస పెడల్‌కు తగులుతుంది, ఇంకో కొస గేర్‌బాక్సు మీదుండే ఇనుప చేతికి తగులుతుంది. "ఇది ఎట్ల వంగితే అట్ల ఉంటాది క్లచ్. వంపు పెద్దగా, నున్నగా రావాల. మెలిక పడితే లోపల తీగ రాసుకోని పెడల్ రాయి అయితాది" అన్నాడు.

నాకు కావాల్సిన మాట అతనే అందించాడు.

"మేస్త్రీ, మెలిక పెట్టు" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆయన కాలికి ఆ పెడల్ దిగకూడదు. దిగకపోతే తానే మానుకుంటాడు. నేను వద్దన్నట్టుండదు, ఆయన రోడ్డెక్కి ప్రమాదం తెచ్చుకునేదీ ఉండదు.

"ఏందమ్మా ఈ మాట?" అన్నాడు, పానా పక్కన పెట్టి. "మెత్తగా పెట్టమని సార్ మొత్తుకుంటాండాడు. కావాలని తప్పు పని చేసేది నాకు చేతగాదు. కావాలంటే బండి ఇంగా కాలేదని ఒక నెల జరుపుతా."

"నెల తర్వాత ఏం చేస్తావు?"

అతను మళ్ళీ కేబుల్ చేతికి తీసుకున్నాడు.

"నడిరోడ్డులో ఆయన కాలు ఆగిపోతే నువ్వొచ్చి బతికిస్తావా? నా పసుపు కుంకుమలు నీ చేతిలో ఉండాయప్పా" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దానికి ఎదురు చెప్పే మనిషి మా వైపు లేడు. అది తెలిసే అన్నాను. అతను వంగి, కేబుల్ తిరిగేచోట దాన్ని కిందికి గుంజి, సన్న ఇనుప తీగతో పక్కనున్న పట్టీకి బిగించి కట్టాడు. "తొక్కి చూడండి" అన్నాడు. కూర్చుని తొక్కాను. నా మంచి కాలితోనే నడుము బిగబట్టి తొక్కాల్సి వచ్చింది.

అక్కడితో ఆగానా? లేదు. అతను ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయమన్నాను. ఆ షెడ్డులో ఒట్టంటే పానా మీదే. అన్నం పెట్టే పానా మీద చెయ్యి పెట్టి అన్న మాట తప్పితే చేతికి పని నిలవదని వాళ్ళ పట్టింపు. ఆయుధ పూజనాడు కుంకం పెట్టేది కూడా ముందు దానికే. అతను పద్నాలుగో నంబరు పానా బానెట్ అంచున పెట్టి, దాని మీద చెయ్యేసి, "సార్‌కు చెప్పనమ్మా, బతికుండగా చెప్పను" అన్నాడు. నేను ధైర్యంగా ఇంటికొచ్చాను.

గురువారం నేను సెలవు పెట్టాను. ఈయన తెల్లచొక్కా వేసుకున్నాడు. గండికోటకు పోదామని, పులిహోర చేయమన్నాడు. చేశాను. ఇద్దరం బస్సులో జమ్మలమడుగు పోయాం. మేస్త్రీ బండి కడిగి, బొట్లు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉంచాడు. నా ముఖం చూడలేదు.

"నువ్వు ఎదురు రావే" అన్నాడు ఈయన, సీట్లో కూర్చుని, కర్ర నాకిచ్చి. ముత్తైదువ నీళ్ళచెంబుతో ఎదురొస్తే ప్రయాణం బాగుంటుందని. ఆ చెంబు కూడా ఇంటినుంచి సంచిలో పెట్టుకుని వచ్చాడు మహానుభావుడు. నేను షెడ్డు గేటు దాకా పోయి, చెంబు పట్టుకుని, బండికి ఎదురుగా నడిచి వచ్చాను. లోపల చేసిందంతా చేసి, పైకి శకునం ఇచ్చాను. ఛీ, ఎట్లా నడిచానో ఆ పది అడుగులు.

ఆయన నన్ను చూసి నవ్వి, ఇంజిను వేసి, ఎడమ కాలు పెడల్ మీద పెట్టాడు. సగం దిగింది. బలం పెట్టి తొక్కుతుంటే భుజాలు పైకి లేవడం నాకు ముందరి అద్దంలోంచి కనబడుతోంది. గేరు వేయబోతే లోపల గరగరమని అరిచింది. వదిలేశాడు. రెండోసారి పళ్ళు బిగబట్టి తొక్కాడు. ఇంకొంచెం దిగింది, కాలు జారిపోయింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మూడోసారి ఎడమ కాలిని రెండు చేతులతో మోకాలి దగ్గర పట్టుకుని కిందికి నొక్కాడు. అప్పుడు నేను పరుగెత్తిపోయి చెప్పేసి ఉంటే సరిపోయేది. "అది కాలు కాదు, నేను" అని ఒక్క మాట. నాకు అంత నోరుంది కదా. చెంబు పట్టుకుని నిలబడిపోయాను.

ఇంజిను ఆపేశాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. "నిమ్మకాయలు తీసెయ్యప్పా" అన్నాడు మేస్త్రీతో. ఒక్కటి కూడా చిట్లలేదు.

మేస్త్రీయే ఆ బండి తోలి మమ్మల్ని ఇంటి దగ్గర దింపి, దాన్ని అక్కడే వదిలి పోయాడు. దారంతా ఈయన వెనకసీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. పులిహోర డబ్బా మేస్త్రీకి ఇచ్చి పంపాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు బాధకంటే నెమ్మదే ఎక్కువగా ఉంది. గండం గడిచిందనుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో అనుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున లెక్క వినిపించలేదు. పోనీలే, ఒకరోజు అలసటేమో అనుకున్నాను. ఆ తర్వాత ట్యూబు విప్పి చుట్ట చుట్టి అటకమీద పడేశాడు. వ్యాయామం చేయించే కుర్రాడు వస్తే, "ఇంకెందుకు నాయనా, ఈ కాలు అయిపోయింది" అని పంపించేశాడు. బండి ఇంటి ముందర టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఆ వైపు కూర్చోవలసివస్తే కుర్చీ తిప్పుకునేవాడు. నాతో మాత్రం ఎప్పటికంటే మెత్తగా ఉండేవాడు. "నీకు శానా కష్టం పెడతాండానే" అనేవాడు. ఆ మెత్తదనాన్ని నేను భరించలేకపోయాను. తిట్టి ఉంటే చెప్పేసేదాన్నేమో.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అన్నం పెడుతూ ఒకసారి మొదలుపెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగాను. చెబితే ఆయనకు కాలు తిరిగొస్తుంది, నేను పోతాను. ఇన్నేళ్ళు నన్ను నమ్మిన మనిషి కళ్ళలో నేనేమైపోతానో అని భయం. అంతే. ఆయన ప్రాణానికి భయపడి మొదలుపెట్టినదాన్ని, నా పరువుకు భయపడి కొనసాగించాను.

కొన్ని వారాలు కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుండేవాడు. ఒకరోజు నుంచి అదీ మానేశాడు. ఎందుకో నాకు తెలియలేదు. బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. "కాలు లేందే ఎట్ల లేయాలే" అన్నాడు మామూలుగా. మంచంలో పడుకున్న మనిషికి చలికాలంలో ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో ఎనిమిది రోజులున్నాడు. చివరి రోజు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. అప్పుడు కూడా చెప్పలేదు.

కర్మంతరాలు అయిపోయిన నెలకు మేస్త్రీ వచ్చాడు. బండి అమ్మిపెట్టమని నేనే కబురు పంపాను. వచ్చినవాడు ముందు టార్పాలిన్ తీసి, బానెట్ ఎత్తాడు. "ఈ పనితో బండిని ఇంకొకరి చేతికి ఇయ్యలేనమ్మా" అన్నాడు. కటింగ్ ప్లయరుతో ఆ తీగ తెంపేశాడు. కేబుల్‌ను దాని వంపులో పోనిచ్చి, కొస దగ్గర నట్టు ఒక చుట్టు తిప్పాడు. ఇదంతా అయ్యేసరికి నేను పొయ్యి మీద పెట్టిన టీకి పొంగు కూడా రాలేదు.

"తొక్కి చూడండమ్మా."

కూర్చున్నాను. ఎడమ కాలు పెట్టాను. పెడల్ దిగిపోయింది. బలం పెట్టాల్సిన పనే లేదు. చిన్నపిల్ల తొక్కినా దిగేది. నేను స్టీరింగు మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాను. వీధిలో వాళ్ళు వచ్చి చూసినా సిగ్గనిపించలేదు. ఏడుపు అయిపోయాక నాకు కోపం వచ్చింది. నా కోపానికి ఎప్పుడూ ఎదుటి మనిషే కావాలి.

"నువ్వన్నా చెప్పచ్చు కదప్పా!" అని అరిచాను. "నేను ఆడదాన్ని, భయపడి ఏందో అంటి. నీకు బుద్ధి యాడికి పోయింది?"

అతను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "సార్ ఒకసారి షెడ్డుకు వచ్చినాడమ్మా" అన్నాడు.

"ఎవరితో?"

"ఒక్కడే. కట్టె పట్టుకోని. మీరు బడికి పోయినంక బయల్దేరినాడంట. ముద్దనూరులో బస్సు మారి వచ్చినాడు. జమ్మలమడుగు స్టాండు కాన్నుంచి నడిచే వచ్చినాడమ్మా, కిలోమీటరు పైనే ఉంటాది. ఆటో గూడా ఎక్కల్యా. స్టూలు మీద కూచోబెట్టి నీళ్ళిస్తి."

నేను బండిలోనుంచి దిగి నిలబడ్డాను.

"'నాకు నిజం చెప్పప్పా. తప్పు కేబుల్‌దా, నా కాలుదా?' అనె."

"నువ్వేమంటివి?"

"పానా చేతిలోనే ఉండె గదమ్మా. కాలుదే సార్, అంటి." అతను బానెట్ దించాడు. "అంత దూరం నడిచొచ్చిన మనిషిని ముందర కూచోబెట్టుకోని, నీ కాలు పనికిరాదంటి. సార్ 'ఔనా' అనె. నీళ్ళు తాగి, మళ్ళా స్టాండుకు నడుచుకుంటా పాయె."

ఏ రోజు అని నేను అడగలేదు. నాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. రెండు పాదాల నిండా ఎర్రటి దుమ్ము. "ఇంట్లో ఉండే మనిషికి కాళ్ళకింత మన్నేంది? ఉతికిన దుప్పటి పాడు చేస్తిరి" అని అరిచాను. ఆయన లేచి, పెరట్లోకి పోయి, రెండు కాళ్ళూ తానే కడుక్కుని, తుడుచుకుని వచ్చి పడుకున్నాడు. మర్నాటి నుంచి లేవలేదు.